ఎర్రకోటుకు ఎన్ని గుండీలు?

బొమ్మ అంగుళమంతే ఉంటుంది. దానికి రంగు వెయ్యాలంటే మాత్రం ముందు కాగితం మీద ఆ సైనికుణ్ని గీయాలి. గీయాలంటే చరిత్ర తిరగెయ్యాలి. ఎక్కడో యూరప్‌లో మొదలైన ఈ సరదా చివరికి మన గొల్లప్రోలు పక్కనున్న చందుర్తి దాకా తీసుకొస్తుంది!

బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు. అందులో తల... బఠాణీ గింజలో సగం. ఆ తల మీదో టోపీ, టోపీ ముందు ఇత్తడి బిళ్ల, ఒంటి మీద ఎర్రకోటు, ఛాతీ మీద అడ్డంగా రెండు తెల్ల పట్టీలు, వాటి మధ్యలో వరసగా గుండీలు. చేతిలో తుపాకీ సరేసరి. సన్నకుంచె కొసను రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి గుండీల మీద ఒక్కో చుక్కా పెట్టేవాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఎలా పెట్టాలి’ అని కాదు. ‘ఎన్ని పెట్టాలి’ అని! పదా, పన్నెండా? సమాన దూరంలోనా, రెండేసి చొప్పున జతలుగానా? మణికట్టు దగ్గర మడత పసుపా, ఆకుపచ్చా?

పక్కవాళ్లకి ఇది చాదస్తంలానే ఉంటుంది. అంగుళం బొమ్మకి గుండీల లెక్కెవరు చూస్తారు? కానీ చూసేవాళ్లున్నారు. ఇంగ్లండ్, జర్మనీ, ఫ్రాన్స్, అమెరికాల్లో చారిత్రక సైనికుల బొమ్మలకి రంగులెయ్యడం దశాబ్దాలుగా ఉన్న అభిరుచి. మనం దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టి ముచ్చటపడినట్టే వాళ్లూ బల్ల మీద వాటర్లూ యుద్ధాన్ని పరిచి ముచ్చటపడతారు. తేడా ఏమిటంటే కొలువులో చెట్టియారు బొమ్మకి పంచె ఏ రంగు వేసినా అభ్యంతరం లేదు. వాటర్లూలో నిలబడ్డ సిపాయికి కాలరు రంగు తప్పితే అతను వేరే రెజిమెంటువాడైపోతాడు. ఒక్కోసారి శత్రువు పక్షం వాడూ అయిపోతాడు!

తగరం నుంచి ప్లాస్టిక్ దాకా...

18వ శతాబ్దం రెండో సగంలో జర్మనీలోని నూరెంబర్గ్ తగరపు పనివాళ్లు సన్నటి రేకుల్లాంటి సైనికుల్ని పోతపోసి అమ్మడంతో ఈ కథ ఊపందుకుంది. పక్క నుంచి చూస్తే గీతలా, ఎదురుగా చూస్తే బొమ్మలా ఉండేవి. తర్వాత హైన్రిక్సెన్ అనే నూరెంబర్గ్ సంస్థ 30 మిల్లీమీటర్ల ఎత్తును ఖాయం చెయ్యడంతో ఒకరి దగ్గర కొన్న గుర్రపుదళం ఇంకొకరి దగ్గర కొన్న కాల్బలంతో సరిపోయేది. అలాంటి తగరపు బొమ్మలకి జర్మనీలోని కుల్మ్‌బాఖ్ కోటలో ఏకంగా ఓ మ్యూజియమే ఉంది. సుమారు మూడు లక్షల బొమ్మలట!

1893లో లండన్‌లోని బ్రిటన్స్ సంస్థ లోపల బోలుగా ఉండేలా సీసం పోత పోసే పద్ధతి కనిపెట్టింది. సీసం తక్కువ పడుతుంది కాబట్టి ధరా తగ్గింది, మధ్యతరగతి ఇళ్లలోకీ సైన్యాలు నడిచొచ్చాయి. వాటిలో మద్రాసు దళాల పేరుతో వచ్చిన పెట్టెలూ ఉన్నాయి. సీసం పిల్లలకి మంచిది కాదని తేలాక 1966లో ఆ సంస్థ సీసపు బొమ్మలకి స్వస్తి చెప్పింది. అప్పటికే ప్లాస్టిక్ రాజ్యమేలుతోంది.

బొమ్మలాట అనుకుని తీసిపారేయకండి. విన్‌స్టన్ చర్చిల్‌కి చిన్నప్పుడు దాదాపు పదిహేను వందల మంది బొమ్మ సైనికులుండేవారు. ఓరోజు తండ్రి వచ్చి ఆ సైన్యాన్ని తీరిగ్గా పరిశీలించి ‘సైన్యంలో చేరతావా’ అని అడిగాడట. కుర్రాడు వెంటనే ఊ అన్నాడు. తన ప్రతిభ చూసి అడిగాడనుకుని మురిసిపోయాడు కూడా. వకీలు చదువుకి పనికొచ్చే బుర్ర కాదని తండ్రి తేల్చేశాడని తర్వాతెప్పుడో తెలిసింది! ఇంకోపక్క రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల మీద పుస్తకమే రాశాడు. పెద్ద యుద్ధాల కంటే ఈ చిన్న యుద్ధాలే నయం కదా అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

హనీమూన్‌లో మొదలై...

రంగులేసేవాళ్లు గీయడంలోకి ఎందుకు వస్తారు? దానికి అమెరికాలో ఆన్ బ్రౌన్ కథ చక్కటి జవాబు. 1930లో పెళ్లయి భర్తతో యూరప్‌కి హనీమూన్‌కి వెళ్లిన ఆమె అక్కడి దుకాణాల్లో బొమ్మ సైనికుల్ని చూసి మనసు పారేసుకుంది. పెట్టెలకి పెట్టెలు కొనేసింది. ఇంటికొచ్చాక అనుమానం... ఈ యూనిఫాంలు అసలువేనా? సరిచూసుకోవడానికి పాత పుస్తకాలు కొంది. పుస్తకాల్లో బొమ్మలు ఒకదానితో ఒకటి పొసగకపోతే పాత ముద్రణా చిత్రాలు, ఆ తర్వాత చిత్రకారులు నేరుగా చేత్తో గీసినవి... అలా కొంటూ పోయింది. 1981లో అదంతా బ్రౌన్ యూనివర్సిటీకి చేరింది. ఇవాళ సైనిక యూనిఫాంల మీద ప్రపంచంలో ఉన్న గొప్ప సేకరణల్లో అదొకటి. ఆమె కొన్న అయిదు వేల పైచిలుకు బొమ్మలు ఆ లైబ్రరీలోనే అద్దాల బీరువాల్లో బారులు తీరి ఉంటాయి.

జర్మనీలో రిషార్డ్ క్న్యోటెల్ అనే చిత్రకారుడిది ఇంకోరకం పట్టుదల. 1890లో మొదలుపెట్టి రకరకాల దేశాల, రకరకాల కాలాల సైనికుల దుస్తుల్ని పేజీకింత చొప్పున అచ్చువేస్తూ పోయాడు. చిత్రాలు వెయ్యి దాటాయి. ఇప్పటికీ నెపోలియన్ కాలపు బొమ్మకి రంగెయ్యాలంటే చాలామంది మొదట వెతికేది క్న్యోటెల్ గీసిన పేజీనే.

ఇక ఫ్రాన్స్‌లో మెసోనియే. చాదస్తానికి పరాకాష్ఠ అంటే ఈయనే. నెపోలియన్ మంచులో గుర్రం మీద వెళ్తున్న చిత్రం కోసం చక్రవర్తి తొడుక్కున్న బూడిదరంగు కోటును సంపాదించి దర్జీ చేత అచ్చుగుద్దినట్టు మరొకటి కుట్టించాడు. గుర్రపుదళం పైరు తొక్కుకుంటూ దూసుకెళ్లే చిత్రం కోసం నిజంగానే చేనును గుర్రాలతో తొక్కించాడని చెబుతారు. ఆ చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూసి సాటి చిత్రకారుడొకరు, ఇందులో ఉక్కు కవచాలు తప్ప అన్నీ ఉక్కులానే ఉన్నాయని వెక్కిరించాడట. ఆ మాటలో నిజం లేకపోలేదు. గుండీలన్నీ లెక్క సరిపోయి మనిషి మాత్రం కొయ్యబారిపోతే ఆ బొమ్మ ఎందుకు?

కోటు కింద మనిషి

అందుకే ఈ అభిరుచిలో చెయ్యి తిరిగినవాళ్లు యూనిఫాం నుంచి మొదలుపెట్టరు. ముందు మనిషిని గీస్తారు. నిలువునా ఒక గీత, తల నుంచి పాదం దాకా ఏడున్నర తలల కొలత, బరువంతా ఏ కాలి మీద పడిందో చూపే వాలు. సిపాయి అంటే కవాతులో నిటారుగా నిలబడ్డవాడే కాదు. పది మైళ్లు నడిచి తుపాకీకి ఆనుకుని సేదతీరేవాడూ సిపాయే. ఒక కాలి మీద బరువు పడితే అటువైపు నడుం పైకి లేస్తుంది, భుజం కిందికి వాలుతుంది. అది సరిగ్గా కుదిరాకే కోటు.

కోటులోనూ కిటుకుంది. 18వ శతాబ్దపు దర్జీలు కోటు వీపును ఇరుగ్గా, చేతుల్ని వెనక్కి లాగినట్టు కుట్టేవారు. అది వేసుకున్నవాడి ఛాతీ దానంతటదే ముందుకొస్తుంది. ఇప్పటి చొక్కా తొడుక్కున్న మనిషిని చూసి గీసి, దానికి ఎర్రరంగు పులిమితే బ్యాండుమేళంవాడు తయారవుతాడు. సిపాయి రాడు.

తర్వాత పట్టీలు. ఎడమ భుజం మీంచి దిగే పట్టీకి కుడి నడుం దగ్గర తూటాల పెట్టె. కుడి భుజం మీంచి దిగేదానికి ఎడమవైపు బాయ్‌నెట్. ఒక పట్టీ లాగుతుంటే కోటు ఎక్కడ ముడతపడుతుందో ఊహించుకోవాలి. ముడతలన్నీ బరువు వేలాడేచోటికే పరిగెడతాయి. తుపాకీ పొడవులో తప్పటడుగు వెయ్యనివాళ్లు అరుదు. కంపెనీ సైన్యం వాడిన ‘ఇండియా పాటర్న్’ తుపాకీ గొట్టమే 39 అంగుళాలు, మొత్తం సుమారు 55 అంగుళాలు. అయిదడుగుల అయిదంగుళాల మనిషి పక్కన నిలబెడితే భుజం దాటుతుంది. సినిమా తుపాకీలు చూసిన కళ్లకి అది మరీ పొడుగనిపించి కురచగా గీసేస్తారు. కొలబద్ద పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

ఇలా కాగితం మీద ఎదురు నుంచీ వెనక నుంచీ గీసి, ఏ భాగానికి ఏ రంగో బాణం గుర్తులతో రాసుకున్న పేజీయే అసలు పెట్టుబడి. ముప్ఫై బొమ్మల దళానికి రంగులెయ్యడానికి నెలలు పడుతుంది. సంక్రాంతికి వేసిన బొమ్మకీ ఉగాదికి వేసినదానికీ కాలరు రంగు మారకుండా కాపాడేది ఆ పేజీయే.

రంగులెయ్యడం మరో విద్య. పెద్ద వస్తువు మీద బాగున్న రంగు చిన్న బొమ్మ మీద ముదురుగా కనిపిస్తుంది. అందుకని నల్లబూటుకి అచ్చమైన నలుపు వాడరు, ముదురు బూడిద వేస్తారు. తెల్లపట్టీకి ముందు లేత బూడిదరంగు వేసి, ఎత్తుగా ఉన్న అంచుల్లో మాత్రమే తెలుపు తాకిస్తారు. మొదట ప్రైమర్ పూత, దాని మీద అసలు రంగు, పైన బాగా పలచన చేసిన ముదురు రంగు పోస్తే అది జారి మడతల్లో ఆగి నీడలా కనిపిస్తుంది. చివర్లో వెలుగు పడే చోట్ల లేతరంగు. కంటిపాప చుక్క పెట్టడం అన్నిటికంటే గండం. కాస్త పక్కకి జరిగిందా, వీర సైనికుడు కాస్తా మెల్లకన్నుతో బిత్తరచూపులు చూస్తాడు!

మన దగ్గర ఈ సరదాకి అసలు అడ్డంకి ఖర్చు. విదేశీ బొమ్మలు, రంగులు దిగుమతి చేసుకుంటే తడిసి మోపెడవుతుంది. అందుకే ఎం-సీల్ ముద్దతో తలపాగా చుట్టి, మామూలు అక్రిలిక్ రంగులు, ట్రిపుల్ జీరో కుంచెతో నెట్టుకొచ్చేవాళ్లున్నారు. అదీ కుదరకపోతే పెన్సిలూ కాగితం ఎలాగూ ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లాడైనా మొదలుపెట్టొచ్చు.

ఎరుపు వెనక ఎవరు?

ఒక్కో రంగు వెనకా ఒక్కో కథ. ఇంగ్లిష్ సైన్యానికి ఎర్రకోటు 1645 నాటి పార్లమెంటు సైన్యంతో స్థిరపడింది. రక్తం కనబడకుండా ఉండటానికే ఎరుపు అని చెప్పుకునే మాట అందంగా ఉంటుంది కానీ అసలు కారణం జేబు. మంజిష్ఠ జాతి వేరు నుంచి తీసే ఎరుపు చవక. సిపాయిలకి అదే. ఆఫీసర్లకి మాత్రం మెక్సికోలో బ్రహ్మజెముడు జాతి మొక్కల మీద బతికే కాచినీల్ పురుగుల నుంచి తీసిన మెరిసే ఎరుపు. అందుకే గీసేటప్పుడు ఇద్దరికీ ఒకే ఎరుపు వెయ్యకూడదు. సిపాయిది ఇటుకరంగు కలిసిన ఎరుపు, ఎండకీ వానకీ ఇంకా వెలిసి ఉంటుంది. ఆఫీసరుది పండు మిరపకాయ ఎరుపు.

నెపోలియన్ సైన్యానిది నీలం. నీలిమందు సముద్రాలు దాటి రావాలి, సముద్రమేమో ఇంగ్లిష్‌వాళ్ల చేతిలో ఉంది. దాంతో 1806లో కాల్బలానికి తెల్లకోట్లు వేయించాలని ఉత్తర్వు వచ్చింది. కొన్ని రెజిమెంట్లు వేసుకున్నాయి కూడా. యుద్ధంలో తెల్లకోటు ఎలా తయారవుతుందో వేరే చెప్పాలా? 1807లోనే ఆ ముచ్చట ముగిసింది. నెపోలియన్ సైనికుడికి తెల్లకోటు గీసి ‘తప్పు’ అనిపించుకుని, ఈ కథ చెప్పి ‘ఒప్పు’ అనిపించుకోవడం ఈ అభిరుచి ఉన్నవాళ్లకి భలే సరదా.

ఖాకీ కథ మాత్రం మన ఉపఖండంలో పుట్టింది. 1846లో పెషావర్‌లో గైడ్స్ దళాన్ని తయారుచేసిన హ్యారీ లమ్స్‌డెన్ తన మనుషులకి దుమ్మురంగు బట్టలు వేయించాడు. ఖాక్ అంటేనే దుమ్ము. అప్పటిదాకా సైనికుడు కనబడాలి, బెదరగొట్టాలి. ఆ తర్వాత కనబడకుండా ఉండాలి. బొమ్మలకి రంగులేసేవాళ్లు 19వ శతాబ్దం మొదటి సగాన్ని ఎక్కువ ఇష్టపడటానికి కారణం కూడా అదే. తర్వాతి యుద్ధాల్లో రంగులు వెలవెలబోయాయి!

తిలంగాలు వచ్చారు!

యూరప్ సైనికుల్ని గీసీ గీసీ అలవాటైన చెయ్యి మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. వాటర్లూలో పోరాడిన దళాల దుస్తుల మీద పుస్తకాలకి పుస్తకాలున్నాయి. అదే కాలంలో మన నేల మీద నడిచిన సిపాయి ఏం తొడుక్కున్నాడంటే నాలుగు చిత్రాలు, నాలుగు ఉత్తర్వులు వెతుక్కోవాలి. కానీ ఆ సిపాయికి మన పేరే పెట్టారన్న సంగతి ఎంతమందికి తెలుసు?

1756 చివర్లో క్లైవ్ మద్రాసు నుంచి ఓడల్లో బెంగాల్‌కి వెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లినవాళ్లలో తెల్ల సైనికులకంటే దక్షిణాది సిపాయిలే ఎక్కువ. మరుసటి ఏడాది ప్లాసీ యుద్ధం. యూరప్ పద్ధతిలో కవాతు చేసే ఈ సిపాయిల్ని ఉత్తరాదివాళ్లు ‘తిలంగాలు’ అన్నారు. తెలంగ దేశం నుంచి వచ్చినవాళ్లని. నిజానికి అందులో తెలుగువాళ్లతో పాటు తమిళులూ ముస్లింలూ ఉన్నారు. అయినా పేరు అదే నిలబడింది. ఎంతగా అంటే, కొన్నాళ్లకి అవధ్ రైతుబిడ్డ అయినా సరే, కోటు తొడిగి తుపాకీ పట్టుకుంటే వాడు తిలంగాయే. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని అక్కడి ఉర్దూ కాగితాలు తిలంగాలనే రాశాయి. ఒక ప్రాంతం పేరు ఒక యూనిఫాం పేరైపోయిందన్నమాట!

ఆ యూనిఫాం ఒక యుద్ధం ఫలితాన్నే తారుమారు చేసింది. అదీ మన గోదావరి జిల్లాలో. 1758 డిసెంబరు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్లని వెళ్లగొట్టడానికి విజయనగరం రాజు ఆనంద గజపతి పిలుపు మీద కల్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో విశాఖపట్నంలో దిగాడు. వెంట సుమారు 500 మంది తెల్ల సైనికులు, రెండు వేల మంది సిపాయిలు. అటు కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలో ఫ్రెంచి సైన్యం. ఇద్దరూ ఎదురుపడింది చందుర్తి దగ్గర. ఇంగ్లిష్ పుస్తకాల్లో దాని పేరు కాండోర్.

దక్షిణాదిలో సిపాయి అంటే తెల్లబట్టలు. ఫ్రెంచివాళ్ల కళ్లకి అదే అలవాటు. కానీ ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలకి ఎర్రకోట్లున్నాయి. దూరం నుంచి ఎడమ పక్కన ఎర్రకోట్ల బారు కనిపించగానే ‘అదిగో తెల్లదళం’ అనుకుని ఫ్రెంచి పటాలం సరాసరి అటే కదిలింది. ఫోర్డ్‌కి విషయం అర్థమైంది. ఆ భ్రమ చెదరకుండా సిపాయిల జెండాలు దించి నేల మీద పెట్టించేశాడు. అసలు తెల్లదళం ఏపుగా ఎదిగిన పైరు చాటున ఆగిపోయింది. ఫ్రెంచివాళ్ల దాడికి సిపాయిలు తట్టుకోలేకపోయారు. వాళ్లని తరుముతూ ఫ్రెంచి వరస చెదిరింది. సరిగ్గా అప్పుడు పైరు చాటు నుంచి ఫోర్డ్ దళం బయటికొచ్చి పక్క నుంచి కాల్పులు మొదలుపెట్టింది. ఫ్రెంచివాళ్లు కోలుకోలేదు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోటా పోయింది. దాంతో సర్కారుల్లో ఫ్రెంచి ప్రాబల్యం ముగిసింది.

ఆనాటి చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ సంగతులన్నీ వివరంగా రాశాడు. చందుర్తిని బల్ల మీద పరచాలనుకునేవాళ్లకి ఆ పేజీలే ఆధారం. రంగు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఫోర్డ్ సిపాయిలకి తెల్లబట్టలు గీస్తే ఆ యుద్ధం ఎలా జరిగిందో అర్థమే కాదు. అన్నట్టు, ఎర్రకోట్ల మీదికి వచ్చిన దెబ్బంతా కాచుకున్నది సిపాయిలు. గెలుపు పేరు మాత్రం ఫోర్డ్‌ది.

తలపాగా మార్చబోతే...

సైనికుడి తల మీద ఏముందో జాగ్రత్తగా చూడమని చెప్పడానికి వెల్లూరు ఒక్కటి చాలు. 18వ శతాబ్దం చివరినాటి చిత్రాల్లో మద్రాసు సిపాయి పైసగం తెల్లవాడిలా, కిందిసగం మనవాడిలా ఉంటాడు. ఒంటి మీద ఎర్రకోటు, కింద తొడల దాకా వచ్చే తెల్ల జాంగియా, దాని అంచుకి నీలం కోణాలు. కాళ్లకి చెప్పులు. తలమీద పళ్లెంలా చదునుగా పరుచుకున్న తలపాగా. ఆ సగం సగం వేషంలోనే ఒక ఒప్పందం ఉంది. కోటు మీది, తల మాది అన్నట్టు.

1805-06లో మద్రాసు సైన్యాధిపతి జాన్ క్రాడాక్ హయాంలో వచ్చిన కొత్త నిబంధనలు ఆ ఒప్పందాన్ని తోసేశాయి. నుదుట బొట్టు, నామం కూడదు. చెవిపోగులు తియ్యాలి. గడ్డం గీయాలి. మీసం చెప్పినట్టు కత్తిరించాలి. పాత తలపాగా పోయి గుండ్రటి కొత్తది, దానికి తోలుతో చేసిన బిళ్ల. చూడ్డానికి అది దొరల టోపీలా ఉంది. తోలు ఏ జంతువుదో ఎవరికి తెలుసు? ఇది పెట్టుకుంటే ఇంటికెళ్లి కులంలో కలవగలమా, మసీదుకెళ్లి తల చూపించగలమా అన్నది సిపాయిల భయం. మేలో ఒక పటాలం కొత్త తలపాగా పెట్టుకోనంది. ఎదురు తిరిగినవాళ్లకి కొరడా దెబ్బలు పడ్డాయి.

1806 జులై 10 తెల్లవారకముందే వెల్లూరు కోటలో తుపాకులు పేలాయి. నిద్రలో ఉన్న తెల్ల సైనికుల బారకాసుల మీద సిపాయిలు విరుచుకుపడ్డారు. టిప్పుసుల్తాన్ కుటుంబం ఆ కోటలోనే ఉండటంతో మైసూరు పులి జెండా కూడా ఎగిరింది. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చేసరికి కొన్ని గంటలే గడిచాయి. ఆ తర్వాత జరిగింది ఊచకోత. సిపాయిల మృతులు వందల్లో. తర్వాత కంపెనీ తలపాగా ఉత్తర్వు ఉపసంహరించుకుంది. క్రాడాక్‌నీ గవర్నర్ బెంటింక్‌నీ వెనక్కి పిలిపించింది. తలపాగా ఒక్కటే కారణమని చరిత్రకారులెవరూ అనరు. జీతాలు, అవమానాలు, మైసూరు జ్ఞాపకాలు అన్నీ కలిశాయి. అయినా నిప్పంటించింది మాత్రం ఆ తోలుబిళ్లే.

1806 నాటి మద్రాసు సిపాయిని గీసేవాళ్లు అందుకే అక్కడ ఆగిపోతారు. పాత తలపాగా పెట్టాలా, కొత్తదా? జులై 9న కోటలో పడుకున్న మనిషిని గీస్తున్నారా, కొత్త తలపాగాకి ఒప్పుకున్నవాడిని గీస్తున్నారా? ఒక మిల్లీమీటరు తేడా, మనిషే మారిపోతాడు.

పేరు లేని బొమ్మలు

ఆ చదును తలపాగా, నీలం అంచు జాంగియా ఇవాళ మనకి తెలియడానికి కారణం కొందరు మన చిత్రకారులే. తంజావూరు వైపు చిత్రకారులు తెల్లదొరలకి అమ్మడానికి రకరకాల వృత్తులవాళ్లని జంటలుగా గీసేవారు. కుమ్మరి, అతని భార్య. పాములవాడు, అతని భార్య. అలాగే సిపాయి, అతని భార్య. దొరలకి అవి ఊరికి తీసుకెళ్లే జ్ఞాపికలు. మనకి అవే సాక్ష్యాలు. లండన్ మ్యూజియాల్లో భద్రంగా ఉన్న ఆ బొమ్మల కింద చాలాసార్లు సిపాయి పేరుండదు. గీసినవాడి పేరూ ఉండదు. అయితే పట్టీ ఏ భుజం మీంచి ఏ నడుముకి దిగిందో, చెప్పుకి వారు ఎక్కడ కట్టారో ఆ అనామకుడి కుంచె చెప్పినంతగా ఏ ఉత్తర్వూ చెప్పదు.

ఢిల్లీ వైపు చిత్రకారులకి కాస్త పేరైనా దక్కింది. పసుపు అంగరఖాల స్కిన్నర్ గుర్రపుదళం దర్బారును 1827లో చిత్రించిన గులాం అలీఖాన్ సంతకం మిగిలింది. ఆ చిత్రంలో ఒక్కో సవారు ముఖం ఒక్కోలా ఉంటుంది. మెసోనియేకి దొరకనిది అక్కడ దొరికిందనిపిస్తుంది.

మద్రాసు సిపాయికి తర్వాతి కాలం కలిసిరాలేదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కి దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయం బలపడింది. ఆ తర్వాత ‘యుద్ధ జాతులు’ అన్న సిద్ధాంతం ఊపందుకుంది. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దవుతూ, వాటి స్థానంలోకి ఉత్తరాదివాళ్లు వస్తూ పోయారు. 1911లో మేజర్ లవెట్ గీసిన 72 రంగుల చిత్రాలతో ‘ది ఆర్మీస్ ఆఫ్ ఇండియా’ పుస్తకం వచ్చింది. యూనిఫాం బొమ్మలు గీసేవాళ్లకి అది నిధి. మనుషుల్ని ఎదురుగా నిలబెట్టుకుని గీశాడు కాబట్టి ముఖాల్లో జీవం ఉంది. కానీ ఆ పేజీల్లో సిక్కులు, పఠాన్లు, రాజపుత్రులు, గూర్ఖాలు కనిపించినంతగా దక్షిణాదివాళ్లు కనిపించరు. వంద, నూటయాభై ఏళ్ల ముందు ఉత్తరాదికి కవాతు చూపించి ‘తిలంగా’ అనిపించుకున్న తెలుగువాడు, రంగుల ముద్రణ వచ్చేసరికి చిత్రంలోంచి జారిపోయాడు. 1920ల చివరికి మద్రాసు కాల్బలమే లేకుండాపోయింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మనుషులు కావాల్సొచ్చాక, 1941-42లో గానీ మద్రాసు రెజిమెంటు మళ్లీ ప్రాణం పోసుకోలేదు.

కాబట్టి తిలంగా సిపాయిని గీయాలంటే ఎవరో గీసిన పేజీ ముందు పెట్టుకుని ఎక్కించుకునే వీల్లేదు. ముక్కలు ఏరుకోవాలి. తలపాగా తంజావూరు చిత్రం నుంచి, తుపాకీ కొలత మ్యూజియంలోని తుపాకీ నుంచి, ఎర్రకోటు సంగతి ఓర్మ్ పుస్తకం నుంచి. ఒంటి తీరుకి పుస్తకాలు అక్కర్లేదు. పొలంలో నిలబడ్డ మనిషి ఏ కాలి మీద బరువు వేస్తాడో గోదావరి జిల్లాల్లో ఎవర్ని చూసినా తెలుస్తుంది. శ్రద్ధ ఉన్నవాళ్లు ఇలాంటి బొమ్మ పక్కన ఒక పట్టిక రాసుకుంటారు. ఏది చిత్రం చూసి వేసింది, ఏది పుస్తకంలో చదివి వేసింది, ఏది ఊహించి వేసింది. రంగులు కూడా ఆ వరసలోనే వేస్తారు. ఆధారం ఉన్నవి ముందు. మణికట్టు మడతలాంటివి ఆధారం దొరికేదాకా పెన్సిలు గీతల్లోనే ఉంటాయి.